మూడు స్ట్రిప్పుల్లో ఒకటే మందు: జ్వరం తగ్గాక కిడ్నీలు దెబ్బతిన్న ఒక కేసు

ఆగస్టు చివరి వారంలో ఒక సోమవారం ఉదయం 64 ఏళ్ళ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు భార్యను వెంటబెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఉన్న మా క్లినిక్‌కు వచ్చారు. ఎనిమిదేళ్ళుగా బీపీకి, ఐదేళ్ళుగా షుగర్‌కు నా దగ్గరే చూపించుకుంటున్న మనిషి. టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మి.గ్రా. కలిసిన మాత్ర ఉదయం ఒకటి, మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రెండు పూటలా వాడుతున్నారు. అంతకుముందు మే నెలలో చేయించిన పరీక్షల్లో క్రియాటినిన్ (కిడ్నీలు మందగిస్తే రక్తంలో పెరిగే పదార్థం) 1.1, బీపీ 130/80. ఫైలులో ‘ఇతర మందులు’ అన్న గడిలో నా చేతిరాతతోనే ‘లేవు’ అని ఉంది. ఈ కేసులో నా పొరపాటు అక్కడే మొదలైంది. కేసును రాయడానికి దంపతులిద్దరూ అనుమతి ఇచ్చారు. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

బుధవారం సాయంత్రం చలితో జ్వరం మొదలై, ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులతో నాలుగు రోజులు ఉండి శనివారం రాత్రికి తగ్గిపోయింది. గురు, శుక్రవారాల్లో నాలుగైదు సార్లు విరేచనాలయ్యాయి. ఇప్పుడు జ్వరం లేదు. అయినా ఎందుకు వచ్చారని అడిగితే, “జరమైతే తగ్గింది సార్, గని పానం బాగ లేదు, అన్నం జూస్తె వాంతికొచ్చినట్టయితున్నది” అన్నారు. మూత్రం సంగతి ఆయన చెప్పలేదు. నేను అడిగితే, రెండు రోజులుగా కొంచెం కొంచెమే వస్తోందని, వచ్చినా సన్నగా, ఆగి ఆగి వస్తోందని భార్య చెప్పారు.

నాలుక పూర్తిగా ఆరిపోయి ఉంది. నాడి నిమిషానికి 104. పొత్తికడుపు మీద వేలు పెట్టి తట్టితే బొడ్డుకు రెండు వేళ్ళ కింది దాకా మొద్దుగా మోగింది, మూత్రసంచి నిండి ఉందన్నమాట. బీపీ 158/94. నేను ఆగిపోయింది ఈ అంకె దగ్గరే. నాలుగు రోజుల జ్వరం, రెండు రోజుల విరేచనాలు, సగం తిండి, పైగా నీటిని బయటికి పంపే బీపీ మాత్ర. ఇవన్నీ కలిస్తే బీపీ పడిపోయి ఉండాలి. ఒళ్ళు ఎండిపోయిన మనిషికి బీపీ పెరిగి ఉందంటే మధ్యలో ఇంకేదో దూరి ఉండాలి.

ఏం మందులు వాడుతున్నారని అడిగాను. ఎప్పటిలాగే బీపీ గోలీ, షుగర్ గోలీ అన్నారు. జ్వరానికి ఏం వేసుకున్నారంటే “650 వేసుకున్న సార్, అంతే” అన్నారు. హైదరాబాద్‌లో పారాసిటమాల్‌కు ఇప్పుడు అదే పేరు. మందుల షాపు ముందు నిలబడి అంకె చెబితే చాలు. పరీక్షలకు రక్తం ఇచ్చి పంపుతూ, ఇంట్లో ఉన్న గోలీలన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, డబ్బాతోనే తీసుకురమ్మని భార్యకు చెప్పాను.

మధ్యాహ్నానికి రిపోర్టులు వచ్చాయి. క్రియాటినిన్ 2.9, యూరియా 98, పొటాషియం కూడా ఎక్కువే, 5.7; సోడియం 134. ప్లేట్‌లెట్లు 1,62,000, డెంగీ పరీక్షలు నెగటివ్. ఏఎల్‌టీ 44, ఐఎన్ఆర్ 1.0, అంటే కాలేయం వరకు గండం గడిచినట్టే. మూత్రంలో రక్తం గాని, చెప్పుకోదగ్గ ప్రోటీన్ గాని లేవు. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు రెండూ మామూలు పరిమాణంలోనే ఉన్నాయి, వాపు లేదు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉంది, బరువు 42 గ్రాములుగా లెక్కతేలింది. మూత్రానికి వెళ్ళి వచ్చాక కూడా సంచిలో 240 మి.లీ. మిగిలి ఉంది.

డబ్బాలో దొరికినవి

ఆమె తెచ్చింది పాత మిఠాయి డబ్బా. ఫ్రిజ్ మీద ఉంటుందట. మూత తీసి బల్ల మీద కుమ్మరిస్తే పదిహేను రకాల దాకా స్ట్రిప్పులు, సగం వాడిన రెండు సిరప్‌లు, ఒక కళ్ళ చుక్కల సీసా పడ్డాయి. స్ట్రిప్పుల్లో సగానికి పైగా కత్తెరతో కత్తిరించినవే. రెండో మూడో మాత్రలు అడిగిన వాళ్ళకు షాపులో అలాగే కత్తిరించి ఇస్తారు. మందు పేరు ఒక ముక్కకు, గడువు తేదీ ఇంకో ముక్కకు పోతాయి. ఈ ఇంట్లోని ఒక ముక్క మీద మిగిలిన అక్షరాలు “...నాక్ 50” మాత్రమే.

ఒక్కోటీ చేతికి తీసుకొని, ఎప్పుడు, ఎన్ని వేసుకున్నారో అడిగి రాసుకున్నాను. దీనికి దాదాపు నలభై నిమిషాలు పట్టింది. ఆ మధ్యాహ్నం అంతకన్నా పనికొచ్చే పరీక్ష ఇంకోటి లేదు.

జ్వరానికి పారాసిటమాల్ 650 రోజుకు నాలుగు. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ 50, పారాసిటమాల్ 325 కలిసిన మాత్ర రోజుకు మూడు. ఇది రెండేళ్ళ కింద మోకాలి నొప్పికి ఒక ఎముకల డాక్టరు ఐదు రోజులకు రాసిచ్చింది. నొప్పి తగ్గింది కాబట్టి ఆ మాత్ర ఇంట్లో స్థిరపడిపోయింది, మెట్లు ఎక్కువగా ఎక్కిన రోజున ఒకటి వేసుకోవడం అలవాటైంది. జలుబుకు పారాసిటమాల్ 500, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమైన్ 2 మి.గ్రా. ఉన్న మాత్ర రోజుకు రెండు. వీటన్నిటి వల్ల కడుపులో మంట పుడితే నీళ్ళలో కలిపితే పొంగే యాంటాసిడ్ పొడి రోజుకు రెండు ప్యాకెట్లు. నీరసానికి ఇరుగుపొరుగు చెప్పిన కొబ్బరి బొండాలు రోజుకు రెండు.

“ఏం గోలీలు వాడుతున్నరని మీరు అడిగితే ఈయన బీపీది, షుగర్‌ది చెప్పిండు. ఇవి జరానికి తెచ్చుకున్నయి గద సార్, ఇవి గూడ చెప్పాల్నా?” అని ఆమె అడిగారు. ఆమె మాటలో తప్పేమీ లేదు. మన ఇళ్ళల్లో ‘మందులు’ అంటే డాక్టరు రాసి, రోజూ వేసుకునేవి. తలనొప్పికి, సర్దికి, కడుపు మంటకు వేసుకునేవి ఆ లెక్కలోకి రావు. వాటికి పప్పు ఉప్పుల్లాగా ఇంట్లో ఉండే సరుకు హోదా ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా నేను వేస్తూ వచ్చిన ప్రశ్న ఆ సరుకును తాకనే లేదు.

కిడ్నీ దగ్గర జరిగింది

కిడ్నీలోని వడపోత గుచ్ఛానికి రక్తాన్ని తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వడపోత ఆగిపోకుండా శరీరం రెండు పనులు చేస్తుంది: ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల సాయంతో తెచ్చే నాళాన్ని వెడల్పు చేస్తుంది, యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ సాయంతో తీసుకుపోయే నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ ఆ బిగింపును వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది. మామూలు రోజుల్లో ఈ రెండింటితో కిడ్నీకి ఇబ్బంది లేదు, ఎనిమిదేళ్ళుగా ఈయనకు రాలేదు కూడా. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపేస్తాయి కాబట్టి తెచ్చే నాళం కూడా సన్నబడుతుంది. మూడూ ఒకేసారి పనిచేసినప్పుడు, పైగా జ్వరంతో విరేచనాలతో నీరు తగ్గి ఉన్నప్పుడు, వడపోతకు కావలసిన ఒత్తిడి నిలవదు. వైద్యులు దీన్ని ‘ట్రిపుల్ వామీ’, అంటే ఒకేసారి మూడు దెబ్బలు, అంటారు. ప్రమాదం ఎక్కువగా నొప్పి మాత్ర మొదలుపెట్టిన తొలి వారాల్లోనే ఉంటుంది.

డైక్లోఫెనాక్‌కు ఈ విషయంలో పాత చరిత్ర ఉంది. మన దేశంలో రాబందులు దాదాపుగా కనుమరుగు కావడానికి కారణం పశువులకు వేసిన ఈ మందే. మందు మిగిలి ఉన్న కళేబరాలను తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, ఆరోగ్యంగా ఉన్న యువకుడు రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. కాని ఈ మందు కిడ్నీ జోలికి పోదన్న ధీమా మాత్రం ఎవరికీ ఉండకూడదు.

ఎండిన ఒంట్లో బీపీ పెరగడానికి కారణం కూడా దొరికింది. నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి బీపీ మందుల పనిని మొద్దుబారుస్తాయి. పొంగే యాంటాసిడ్ పొడి 5 గ్రాముల ప్యాకెట్‌లో సోడియం బైకార్బనేట్, సోడియం కార్బనేట్ రూపంలో దాదాపు 850 మి.గ్రా. సోడియం ఉంటుంది, పెద్దలకు రోజు మొత్తానికి 2 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, రెండు ప్యాకెట్లతోనే ఈయన దాని అంచుకు చేరుకున్నారు. పచ్చడి మానేశానని నాతో గర్వంగా చెప్పుకొనే మనిషి. నిండి ఉన్న మూత్రసంచి ఇబ్బంది కూడా బీపీని కొంత పెంచి ఉంటుంది. ఫినైలెఫ్రిన్ మీద నేరం మోపడం తేలికే గాని, నోటి ద్వారా 10 మి.గ్రా.తో బీపీ అంతగా పెరుగుతుందని నేను అనుకోను. ఆ మందుతో నా పేచీ వేరే. ముక్కుదిబ్బడకు అది నోటి ద్వారా పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. బీపీ ఉన్నవాళ్ళు జాగ్రత్త పడాలని అట్ట మీద హెచ్చరిక ఉంటుంది, ముక్కు తెరుచుకోదు. అలాంటి మందు మన జలుబు మాత్రల్లో చాలావాటిల్లో కూర్చొని ఉంది.

మూత్రం ఆగిపోవడానికి కారణం అదే జలుబు మాత్రలోని క్లోర్‌ఫెనిరమైన్. ముక్కు కారడాన్ని ఎండగట్టే ఈ పాత తరం అలర్జీ మందు మూత్రసంచి కండరాన్ని కూడా సోమరిగా చేస్తుంది. ప్రోస్టేట్ పెరిగి, అప్పటిదాకా నెట్టుకొస్తున్న మగవారికి ఆ కాస్త సోమరితనం చాలు. ఫినైలెఫ్రిన్ సంచి మెడను బిగిస్తుంది కాబట్టి రెండూ ఒకే దిక్కుకు లాగాయి. అయితే ఆగిన మూత్రం వెనక్కి తన్నితే వచ్చే వాపు కిడ్నీల్లో లేదు కనుక, క్రియాటినిన్ పెరగడానికి ఇది ప్రధాన కారణమని నేను భావించలేదు.

పొటాషియం సంగతికొస్తే, టెల్మిసార్టాన్, డైక్లోఫెనాక్ రెండూ దాన్ని ఒంట్లో నిలవబెడతాయి. ఆపైన కొబ్బరి నీళ్ళు. ఒక్కో బొండంలో దాదాపు అర గ్రాము పొటాషియం ఉంటుంది. జ్వరమొచ్చిన మనిషికి బొండం పట్టుకెళ్ళకపోతే పలకరింపే కాదన్నట్టు ఉంటుంది మన ఊళ్ళో. కిడ్నీ మందగించిన మనిషికి మాత్రం ఆ పలకరింపు బరువే.

పారాసిటమాల్ లెక్క

650 మాత్రలు నాలుగు 2600. నొప్పి మాత్రల్లో 325 చొప్పున మూడు 975. జలుబు మాత్రల్లో 500 చొప్పున రెండు 1000. మొత్తం రోజుకు 4575 మి.గ్రా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 24 గంటల్లో మించరానిది 4000. తక్కువ బరువున్నవారికి, సరిగా తినని రోజుల్లో నేను 3000 దాటనివ్వను. రోజూ మద్యం తాగేవారికి, కాలేయ జబ్బున్నవారికి 2000. ఈయన బరువు 58 కిలోలు, తిండి సగం. మూడు రోజులు ఇలా గడిచింది.

మూడు స్ట్రిప్పులనూ పక్కపక్కన పెట్టి వెనక్కి తిప్పి చూపించాను. కంపెనీ పెట్టిన పేర్లు మూడు రకాలు, రంగులు మూడు రకాలు. మందు అసలు పేరు చిన్న అక్షరాల్లో, మెరిసే వెండి రేకు మీద, ఇంగ్లీషులో. కళ్ళజోడు పెట్టుకొని, రేకును కిటికీ వైపు వంచి, మూడింటి మీదా ‘పారాసిటమాల్’ అన్న మాటను ఆయనే వేలితో చూపించారు. బ్యాంకు కాగితాలు చదివిన కళ్ళే అవి. ఎక్కడ చూడాలో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మోతాదు మించిన పారాసిటమాల్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, మొదటి రోజు దాదాపు ఏమీ తెలియదు. కాలేయం దాన్ని విరగ్గొట్టే క్రమంలో కొంత భాగం విషపదార్థంగా మారుతుంది. దాన్ని అణచే గ్లూటాథయోన్ నిల్వ తిండి లేని రోజుల్లో తక్కువగా ఉంటుంది. నిల్వ అయిపోతే కాలేయ కణాలు చనిపోతాయి, కామెర్లు కనబడేది రెండు మూడు రోజుల తరువాత. విరుగుడు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఉంది, అది ఎనిమిది గంటల్లోపు అందితే బాగా పనిచేస్తుంది. కాబట్టి పొరపాటున ఎక్కువ వేసుకున్నామని తెలిసిన క్షణమే, ఒంట్లో బాగున్నా సరే, ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంత చెప్పినా, ఈ డబ్బాలో ఉన్నవాటిలో సరైన మోతాదులో అన్నిటికన్నా నిరపాయమైనది పారాసిటమాలే. జ్వరం డెంగీయో కాదో తేలకముందు వాడదగినది కూడా అదొక్కటే. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ అప్పుడు రక్తస్రావం ముప్పును పెంచుతాయి. వానాకాలంలో హైదరాబాద్‌లో వచ్చే ఏ జ్వరాన్నైనా మొదటి రోజుల్లో డెంగీ అనుకొనే మందులు వాడమని నేను చెబుతాను.

డబ్బా సర్దుతుండగా ఆమె ఇంకో మాట అన్నారు: వారం కింద మూడేళ్ళ మనవడికి సర్ది చేస్తే ఇదే జలుబు మాత్రలో సగం నలిపి తేనెలో ఇచ్చారట, “మస్తు నిద్రపోయిండు” అని. పెద్దల మాత్రలో సగం చేస్తే పిల్లల మోతాదు కాదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును పిల్లల సిరప్‌ల్లో కూడా నాలుగేళ్ళ లోపు వారికి వాడరాదని సీసా మీద ముద్రించాలని మన దేశపు ఔషధ నియంత్రణ అధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. పిల్లల పారాసిటమాల్‌కు బరువే కొలత, కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. అదే డబ్బాలో ఉన్న రెండు సిరప్‌ల్లో ఒకటి 5 మి.లీ.కు 120 మి.గ్రా., రెండోది 250. ఒకే చెంచాతో పోస్తే మోతాదు రెట్టింపు అవుతుంది. ఆ రెండింటినీ ఆమె ఒకటే మందు అనుకున్నారు.

చికిత్స

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్పించాం. నొప్పి మాత్ర, జలుబు మాత్ర, యాంటాసిడ్ పొడి ఆపేశాం. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్, మెట్‌ఫార్మిన్ కూడా తాత్కాలికంగా ఆపాం; కిడ్నీ పని తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది. బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., షుగర్‌కు కొన్ని రోజులు ఇన్సులిన్. మూత్రమార్గంలో గొట్టం (క్యాథెటర్) వేశాం, ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. మొదలుపెట్టాం. ఈసీజీలో మార్పులు లేవు కాబట్టి పొటాషియానికి పథ్యం, దాన్ని పేగుల్లోనే పట్టి ఉంచే పొడితో సరిపోయింది. సెలైన్ నిదానంగా ఎక్కించాం. మరునాడు క్రియాటినిన్ 3.2కు పెరిగింది. అప్పుడు ఆ ఇంట్లో డయాలసిస్ అన్న మాట వినబడి కలవరం పుట్టింది. మూడో రోజు 2.4, ఐదో రోజు 1.7. నాలుగో రోజు క్యాథెటర్ తీస్తే మూత్రం తనంతట తానే వచ్చింది.

షాపు దగ్గర

డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, స్ట్రిప్పు మీద ఎర్రగీత ఉన్నది అందుకే. చీటీ అక్కర్లేకుండా అమ్మదగ్గవి ఇవీ అని విడిగా జాబితా రాసిన చట్టం మనకు లేదు. ఏ షెడ్యూల్‌లోనూ లేనిది కౌంటర్ మందు అవుతుందన్నది లెక్క. ఆచరణలో ఆ లెక్క కూడా చెరిగిపోయింది. ఈయన గల్లీలోని షాపుకు నేను ఒకసారి వెళ్ళి నిలబడ్డాను. పది నిమిషాల్లో ఇద్దరు “ఒళ్ళు నొప్పులు, సర్ది, మూడు పూటలకు సెట్టు ఇయ్యి” అని అడిగారు. కౌంటర్లోని కుర్రాడు నాలుగు రకాల మాత్రలను ఒక్కో పూటకు ఒక్కో కాగితం పొట్లంలో వేసి ఇచ్చాడు. పొట్లం మీద మందు పేరు లేదు. బీపీ ఉందా, కిడ్నీ జబ్బు ఉందా అన్న ప్రశ్నా లేదు. యజమాని ఫార్మసీ చదివినవారే. పక్కకు పిలిచి మాట్లాడితే, అడిగితే పక్క షాపుకు పోతారని చెప్పారు. ఆయన మాట అబద్ధం కాదు. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు పేరున్న ముక్కను కొనేవారికే ఇవ్వడానికి మాత్రం ఒప్పుకున్నారు.

మందుల వల్ల కలిగిన హానిని నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. 1800-180-3024 నంబరుకు డాక్టరే కాదు, రోగి కూడా ఫోన్ చేసి చెప్పవచ్చు. ఈ కేసు వివరాలు అక్కడికి పంపాను.

మా క్లినిక్ ఫైలులో ‘ఇతర మందులు’ అన్న గడిని కొట్టేసి, దాని చోట నాలుగు ప్రశ్నలు పెట్టాను: నొప్పులకు ఏం వేసుకుంటారు, జలుబుకు ఏం వేసుకుంటారు, కడుపు మంటకు ఏం తాగుతారు, నిద్రకు ఏమైనా వాడతారా. ‘లేవు’ అన్న జవాబు ఇప్పుడు అరుదుగా వస్తోంది. బీపీ, షుగర్ ఉన్నవారి చీటీ కింద ఇంకో వాక్యం రాస్తున్నాను: వాంతులు, విరేచనాలు మొదలైతే ఈ మాత్రలు కొనసాగించాలో లేదో ఆ రోజే ఫోన్ చేసి అడగండి.

ఆరు వారాల తరువాత ఆయన క్రియాటినిన్ 1.1, పొటాషియం 4.4. మెట్‌ఫార్మిన్ మళ్ళీ మొదలైంది. బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ ఇస్తున్నాను, నీటి మాత్రను వెనక్కి తేలేదు. మోకాలికి పైపూత జెల్, తొడ కండరాల వ్యాయామం, మరీ నొప్పిగా ఉన్న రోజున పారాసిటమాల్ 500. మూత్రం పోశాక సంచిలో మిగులుతున్నది 60 మి.లీ.కు తగ్గింది గాని రాత్రిపూట ఇప్పటికీ రెండు మూడు సార్లు లేస్తున్నారు. వచ్చే నెల యూరాలజిస్టు దగ్గర చూపించుకోవాలి.